శరత్కాలంలో మంచినీటి చెరువుల్లో గాలం: ఒడిశా సరిహద్దు జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

దసరా దగ్గరపడే కొద్దీ జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి ఒకటే ప్రశ్న వస్తుంటుంది: "ఆగస్టులో బాగా పడిన చోటే ఇప్పుడు బెండు (నీటిపై తేలే గుర్తు) కదలడం లేదు. ఎర మార్చాలా?"

ఎర సంగతి తర్వాత. ముందు నీళ్ళు చూడండి. సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా చెరువులో నీటి మట్టం, రంగు, వేడి, గాలి వాటం నాలుగూ మారతాయి. చేప ఆ మార్పు వెంట జరుగుతుంది. ఎరలో ఏ మసాలా కలిపినా చేప లేని చోట వేస్తే దండగే.

ఈ మార్గదర్శి గట్టు మీద నుంచి రాడ్‌తోనో, వెదురు కర్రతోనో గాలం వేసేవాళ్ళ కోసం. వలలు, పడవలు ఇందులో లేవు.

## 1. బయల్దేరే ముందు: అడగాల్సిన వాళ్ళను అడగండి

ఒడిశాలో పెద్ద జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకు ఇస్తారు. ఊరి చెరువులు పంచాయతీ నుంచి ఎవరో ఒకరు పాడుకుని ఉంటారు. అందులో వాళ్ళు డబ్బు పెట్టి చేపపిల్లలు వదులుతారు. కాబట్టి "ఒక్క గాలమే కదా" అనుకోవద్దు. రేవు దగ్గర పడవ వాళ్ళను అడిగితే సంఘం మనిషి ఎవరో చెబుతారు. ముందే అడిగినవాళ్ళకు చాలాసార్లు మంచి చోటు కూడా వాళ్ళే చూపిస్తారు.

ఛత్రపురం దగ్గరి తంపరా సరస్సు సంగతి వేరు. అది రాంసర్ అనే అంతర్జాతీయ జాబితాలో ఉన్న చిత్తడి నేల, పర్యాటకుల పడవలు తిరిగే చోటు. అక్కడ ఏ వైపు కూర్చోవచ్చో, కూర్చోకూడదో స్థానికంగా తెలుసుకుని వెళ్ళండి.

అడగాల్సినవి:

- ఇక్కడ గాలం వేయనిస్తారా, రుసుము ఉందా?
- చేపల పంజరాలు, పరిచిన వలలు ఏ వైపు ఉన్నాయి?
- నీళ్ళు వదిలే రోజులు, గేట్లు ఎత్తే సమయాలు ఏవి?
- మొసళ్ళున్నాయా? (మల్కన్‌గిరి జిల్లాలో ఇది తప్పక అడగాలి.)
- ఆ రేవులో గుడికి చెందిన చేపలున్నాయా? ఉంటే ఆ పక్కకే పోవద్దు.

మందుగుండు, విషం వేసి చేపలు చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఎవరైనా అలా పడుతున్న చోట కూర్చుంటే చేపా దొరకదు, మీ మీదా అనుమానం వస్తుంది.

## 2. మీ నీళ్ళు ఏ తరహావో తేల్చుకోండి

తంపరాలో పనిచేసిన లెక్క కొలాబ్‌లో పనిచేయదు. ఒకటి సముద్రానికి పక్కనే ఉంది, రెండోది కొండ మీద ఉంది. మన జిల్లాల నీళ్ళను మూడు తరహాలుగా చూస్తే చాలు.

కొండ మీది జలాశయాలు. కోరాపుట్ దగ్గర ఎగువ కొలాబ్ పూర్తి మట్టం 858 మీటర్లు. ఆంధ్ర సరిహద్దు మీదున్న జలాపుట్ పూర్తి మట్టం 2,750 అడుగులు, అంటే సుమారు 838 మీటర్లు. ఇక్కడ అక్టోబరు రెండో సగం నుంచే రాత్రులు చల్లబడతాయి, నవంబరులో తెల్లవారితే పొగమంచు. శరత్కాలం ముందు వచ్చేదీ, గట్టిగా వచ్చేదీ ఇక్కడే.

కొండ దిగువ నీళ్ళు. రాయగడ, గజపతి జిల్లాల చిన్న జలాశయాలు, గెడ్డలకు (వాగులకు) కట్టిన చెరువులు, మల్కన్‌గిరి వైపు బలిమెల (పూర్తి మట్టం 1,516 అడుగులు). మార్పు కొండ మీదకంటే రెండు మూడు వారాలు ఆలస్యంగా మొదలవుతుంది.

తీరం దగ్గరి సరస్సులు. తంపరా, గంజాం జిల్లా ఊరి చెరువులు. నీళ్ళు నవంబరులో కూడా గోరువెచ్చగానే ఉంటాయి. ఇక్కడ చలికంటే తుఫాను వానలే ఆటను మారుస్తాయి.

## 3. కాలాన్ని మూడు ముక్కలుగా చూడండి

దసరాకు ముందు. నైరుతి ఇంకా పూర్తిగా పోలేదు. నీళ్ళు నిండుగా, బురదగా ఉంటాయి. గెడ్డలు పారుతుంటాయి. చేప గట్టు దగ్గరికి, కొత్తగా మునిగిన గడ్డిలోకి వస్తుంది. వర్షాల్లో గుడ్లు పెట్టిన రోహు (శీలావతి), మృగాల (ఎర్రమోసు) చేపలు ఒళ్ళు తేరుకోవడానికి బాగా మేస్తుంటాయి. లోతు అక్కర్లేదు, ఒకటి నుంచి రెండు మీటర్లు చాలు.

దసరా నుంచి దీపావళి దాకా. మామూలు సంవత్సరాల్లో అక్టోబరు మధ్యకల్లా రుతుపవనాలు ఒడిశా నుంచి తప్పుకుంటాయి. బురద కిందికి దిగుతుంది, ఆకాశం తేటపడుతుంది. నా లెక్కలో ఏడాదిలో గాలానికి అన్నిటికంటే మంచి రోజులు ఇవే, మధ్యలో తుఫాను రాకపోతే.

దీపావళి తర్వాత. కొండ మీద చేప నెమ్మదిస్తుంది, లోతుకు దిగుతుంది, తక్కువ తింటుంది. తీరం దగ్గర మాత్రం ఇంకా మంచి రోజులే. నవంబరు మధ్యలో కోరాపుట్‌లో ఖాళీ సంచితో తిరిగొచ్చినవాళ్ళు గంజాం వైపు చుట్టాలింటికి పోవడం మంచి ఆలోచన.

## 4. నీళ్ళు చూడటం: అన్నిటికంటే పెద్ద పని

గట్టు మీదికి వెళ్ళగానే గాలం తీయొద్దు. పావుగంట ఈ నాలుగు పనులకు ఇవ్వండి.

### 4.1 మట్టం

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి గీత పెట్టండి. రెండు గంటల తర్వాత చూడండి. ముందు రోజు అంచు ఎక్కడుందో తడి మట్టి చెబుతుంది.

జలాపుట్, బలిమెల లాంటివి కరెంటు కోసం కట్టినవి. వాన లేకపోయినా మట్టం కదులుతుంది. పత్రికల విశాఖ, అల్లూరి జిల్లాల ఎడిషన్లలో వచ్చే జలాశయాల మట్టాల వార్తను ఊరికే వదిలేయకండి, అది మీకు పనికొచ్చే వార్త.

- మట్టం పెరుగుతోంది: చేప అంచుకు వస్తుంది. కొత్తగా మునిగిన గడ్డి దగ్గర వేయండి.
- మట్టం నిలకడగా ఉంది: ముందు రోజు పడిన చోటే వేయండి.
- రాత్రికి రాత్రి జానెడు తగ్గింది: చేప అంచును వదిలేస్తుంది. వాలు దిగే చోటికి, లోతు మొదలయ్యే గీతకు జరగండి.

మూడోది ఎక్కువమంది పట్టించుకోరు. నీళ్ళు దిగుతుంటే చిన్న మడుగులో చిక్కుకుపోతానని చేపకు తెలుసు. అందుకే అంచున ఎంత మేత ఉన్నా నిలవదు.

### 4.2 రంగు

తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతకు మధ్యలో చిల్లు పెట్టి, కింద రాయి, పైన తాడు కట్టండి. తాడుకు జానకో ముడి వేయండి. నీడ పడే పక్క మెల్లగా దింపుతూ, మూత ఎక్కడ కనబడకుండా పోయిందో చూడండి.

- జానెడు లోపే మాయమైంది: బురద నీళ్ళు. వాసన ఉన్న ఎర, పెద్ద ముద్ద, అంచుకు దగ్గరగా. వానపాములు (ఎర్రలు) బాగా పనిచేస్తాయి, ఎందుకంటే వాన నీళ్ళతో ఎర్రలు ఎలాగూ కొట్టుకొస్తుంటాయి.
- రెండు మూడు జానలు: హాయిగా కూర్చోండి. ఇదే మంచి నీరు.
- మీటరు దాటి కనిపిస్తోంది: చేపకు మీరూ కనిపిస్తారు. సన్నటి తంగుసు (గాలపు దారం), చిన్న గాలం, దూరంగా వేయడం, నిలబడకుండా కూర్చోవడం.
- ఆకుపచ్చ చిక్కటి నీరు: నాచు పొడి ఎక్కువ. పగలు బాగానే ఉంటుంది, తెల్లవారుజామున మాత్రం ఆక్సిజన్ తక్కువ. ఎండ వచ్చాక మొదలుపెట్టండి.

### 4.3 వేడి

చవక థర్మామీటరు ఒకటి కొనండి. పైనీటి వేడి తెలుసుకోవడం సులువు. అడుగు నీటి కోసం చిన్న సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టండి. సీసా అడుగుకు చేరాక బిరడా దారాన్ని గుంజితే అక్కడి నీరు నిండుతుంది. వెంటనే పైకి లాగి థర్మామీటరు పెట్టండి.

ఎందుకింత శ్రమ? వేసవిలో, వానల్లో లోతైన నీళ్ళు పొరలుగా ఉంటాయి. పైన వెచ్చటి తేలిక నీరు, కింద చల్లటి బరువు నీరు. కింది పొరకు గాలి అందదు. కుళ్ళిన ఆకు, చెత్త ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తాయి. అక్టోబరు రాత్రుల్లో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, పొరలు కలిసిపోతాయి. ఆ కలయిక అయ్యేదాకా లోతులో ఎర వేస్తే చేప లేని గదిలో భోజనం పెట్టినట్టే.

సీసా నీటిని వాసన చూడండి.

- కుళ్ళిన గుడ్డు కంపు: ఆ లోతులో చేప ఉండదు. పైకి రండి.
- కంపు లేదు, పైకీ కిందికీ వేడిలో రెండు డిగ్రీలకు మించి తేడా లేదు: నీళ్ళు కలిశాయి. ఇక లోతులోనూ వేయొచ్చు.
- తేడా ఎక్కువ, కంపు లేదు: మధ్య లోతులో వేయండి.

నీళ్ళు కలిసే ఆ కొద్ది రోజులు మాత్రం, ముఖ్యంగా చల్లగాలి ఉన్నట్టుండి వీస్తే, అడుగు చెత్త పైకొచ్చి నీళ్ళు మురికిగా మారతాయి. చేప మూతి మూసుకుంటుంది. అది మీ ఎర తప్పు కాదు. మూడు నాలుగు రోజులు ఆగండి.

చల్లబడటంలో లాభం కూడా ఉంది. 30 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది, 20 డిగ్రీల నీటిలో తొమ్మిది దాకా. కొండ మీద గాలి పలచన కాబట్టి కోరాపుట్ లెక్క ఇందులో పదో వంతు తక్కువ. అయితే రోహు, కట్ల వెచ్చటి నీటి చేపలు. 25 డిగ్రీలు దాటితే చురుగ్గా తింటాయి, 20 దిగితే మందగిస్తాయి. ఈ రెండింటి మధ్య నడిచే కాలమే మన శరత్తు.

### 4.4 గాలి

వానాకాలపు గాలి నైరుతి నుంచి వచ్చేది. నవంబరుకల్లా ఉత్తరం, ఈశాన్యం నుంచి పొడిగాలి మొదలవుతుంది. అంటే వానాకాలంలో అలలు కొట్టిన గట్టు ఇప్పుడు నిశ్చలంగా ఉంటుంది, అవతలి గట్టుకు అలలు మారతాయి. పాత చోటు పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే.

అక్టోబరులో నీళ్ళు వెచ్చగా ఉన్నంతకాలం అలలు కొట్టే గట్టు ఎంచుకోండి. తేలే మేత అక్కడికే చేరుతుంది. నవంబరు చలిలో, కొండ మీద, అదే గట్టు చల్లబడిపోతుంది. అప్పుడు గాలి తగలని, పొద్దున్నే ఎండ పడే మూల మేలు. తంపరాలో మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తుంది కాబట్టి పొద్దున కూర్చున్న చోటే సాయంత్రం దాకా ఉండొద్దు.

## 5. సామాను

ఎక్కువ మోయకండి. ఈ కాలానికి కావలసింది ఇంతే.

- 7 నుంచి 9 అడుగుల రాడ్, మధ్యరకం రీలు. లేకపోతే ఎండిన వెదురు కర్ర.
- తంగుసు: రోహు, మృగాలకు 0.30–0.35 మిల్లీమీటర్లు. తేట నీళ్ళలో 0.25.
- గాలాలు: రోహు, మృగాలకు 4 నుంచి 6 నంబరు, పరిగెల్లాంటి చిన్న చేపలకు 10 లేదా 12. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది.
- బెండ్లు రెండు రకాలు: అలల్లో లావువి, నిశ్చలమైన నీళ్ళలో సన్నవి.
- సీసం గుండ్లు, చిన్నవి ఎక్కువ, పెద్దవి తక్కువ.
- చేప పైకెత్తే చేతివల. రోహును తంగుసు పట్టుకుని పైకి లాగితే తెగేది అక్కడే.
- ముక్కు పొడవు పటకారు, కత్తి, టార్చి, తాడు.
- దోమల మందు, పొడవు చేతుల చొక్కా. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాలు. సాయంత్రం గట్టు మీద కూర్చునేవాళ్ళు దీన్ని సామాను జాబితాలో మొదట రాసుకోవాలి.
- కొండ మీదికైతే స్వెట్టరు. నవ్వకండి, వేళ్ళు కొంకర్లు పోతే ముడి పడదు.

రీలు డ్రాగ్ (తంగుసు జారే బిగువు) ముందే సరిచూసుకోండి. తంగుసును చేత్తో గట్టిగా లాగితే జారాలి, మామూలుగా పట్టుకుంటే జారకూడదు. కొలాబ్, జలాపుట్ నీళ్ళ కింద పాత చెట్ల మొదళ్ళు ఉన్నాయి. రోహు గాలం తగలగానే వాటి వైపే పరిగెడుతుంది.

## 6. ఎర, మేత తయారీ

మేత అంటే చేపను రప్పించడానికి నీళ్ళలో వేసేది. ఎర అంటే గాలానికి పెట్టేది. రెండూ ఒకే వాసన రావాలి.

ముందు రాత్రి చేసే మేత:

1. అర కిలో వేరుశనగ చెక్క పొడిచేసి, మునిగేంత నీళ్ళలో నానబెట్టండి.
2. అర కిలో తవుడు మాడకుండా వేయించి చల్లార్చండి.
3. పొద్దున రెండూ కలిపి, రెండు గుప్పెళ్ళ మెత్తటి అన్నం, చిన్న బెల్లం ముక్క చేర్చండి.
4. నారింజ పండంత ఉండలు చేయండి. ఒక ఉండను బకెట్ నీళ్ళలో వేసి చూడండి. పది నిమిషాల్లో విడిపోతే సరి. వెంటనే విడిపోతే పుట్టమన్ను కొద్దిగా కలపండి.

దసరా రోజుల్లో ఈ కిలో మేత ఒక పూటకు సరిపోతుంది. దీపావళి తర్వాత కొండ మీద సగం చాలు. చల్లటి నీళ్ళలో చేప ఆకలి తక్కువ, కడుపు నిండితే మీ ఎర ముట్టదు.

గాలం ముద్ద: గోధుమపిండి రెండు పాళ్ళు, వేయించిన శనగపిండి ఒక పాలు, మెత్తగా దంచిన వేరుశనగ చెక్క ఒక పాలు, చిటికెడు సోంపు పొడి. కొద్ది కొద్దిగా నీళ్ళు పోస్తూ చపాతీ పిండికంటే కాస్త మెత్తగా కలపండి.

వేసవిలో ఈ ముద్దలో నెయ్యి వేసే అలవాటున్నవాళ్ళు ఇప్పుడు మానండి. చల్లటి నీళ్ళలో నెయ్యి గడ్డకట్టి ముద్ద రాయవుతుంది, గాలం మొన బయటికి రాదు. వాసన కావాలంటే నువ్వుల నూనె నాలుగు చుక్కలు.

కొర్రమీనుకు పిండి పనికిరాదు. తామర ఆకుల సందుల్లో, గుర్రపుడెక్క అంచున రబ్బరు కప్పను మెల్లగా లాగండి. బతికున్న కప్పను గుచ్చొద్దు, కొన్ని కప్ప జాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపై కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయన్న మాట. వాటిని వదిలేయండి.

## 7. ఏ చేపకు ఎంత లోతు

కట్ల (బొచ్చె) పైనీటిలో మేస్తుంది, దాని మూతి పైకి తిరిగి ఉండేది అందుకే. రోహు (శీలావతి) నడిమి నీటిలో, మృగాల (ఎర్రమోసు) అడుగున. సంఘం వాళ్ళతో మాట్లాడేటప్పుడు భాకుర, రోహి, మిరికాళి అంటే వెంటనే అందుకుంటారు. కొర్రమీను వాళ్ళకు శేవుళ.

- కట్ల: పైనుంచి రెండు మూడు అడుగులు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం. మేత పలచగా, పొగలా విడిపోయేట్టు.
- రోహు: అడుగుకు జానెడు పైన. మునిగిన పొదలు, రాళ్ళ పక్క.
- మృగాల, బంగారు తీగ: ఎర అడుగుకు ఆనాలి. మెత్తటి బురద నేల.
- వాలుగ, జెల్ల: గెడ్డ కలిసే చోట, చీకటి పడే వేళ, ఎర్రలు.

లోతు కొలిచే పద్ధతి: గాలానికి బరువైన సీసం గుండు తాత్కాలికంగా తగిలించి వేయండి. బెండు పూర్తిగా మునిగితే అసలు లోతు మీరు పెట్టినదానికంటే ఎక్కువ. బెండు పక్కకు పడుకుంటే తక్కువ. కొస మాత్రమే పైకి కనబడేదాకా బెండును జరపండి. ఆ లోతు రాడ్ మీద దారం కట్టి గుర్తు పెట్టుకోండి. తర్వాత గుండు తీసేయండి. అటూ ఇటూ నాలుగు చోట్ల కొలిస్తే వాలు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

## 8. గట్టు మీద పని వరుస

1. నీళ్ళకు పది అడుగుల దూరంలో సామాను దించండి. అంచున అడుగుల చప్పుడు చేయొద్దు.
2. మట్టం, రంగు, వేడి, గాలి చూడండి.
3. లోతు కొలిచి రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి అసలుది, ఇంకోటి మార్చుకోవడానికి.
4. రెండు చోట్లా నాలుగేసి ఉండలు వేయండి. మిగతా మేత దాచండి.
5. ముడులు తడిపి బిగించండి, గాలం మొన గోటి మీద గీసి చూడండి. జారితే మార్చండి.
6. ఇప్పుడు మొదటి గాలం.
7. గంటలో కదలిక లేకపోతే ముందు లోతు మార్చండి. ఆ తర్వాత చోటు. అన్నిటికంటే చివర ఎర.

వేళ కూడా మారుతుంది. దసరా ముందు తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ. నవంబరులో కొండ మీద చీకటితో లేచి వెళ్ళడం నిద్ర పాడుచేసుకోవడమే. పొగమంచు విడి, ఎండ నీళ్ళ మీద పడ్డాక తొమ్మిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ మూడు నుంచి ఐదు దాకా చూడండి.

చలిలో కొరుకు తీరు వేరు. బెండు గుటుక్కున మునగదు. చిన్నగా వణుకుతుంది, లేదా పైకి లేచి పడుకుంటుంది. మృగాల ఎరతో పాటు గుండును ఎత్తితే బెండు లేస్తుంది. అది చేపే. మునిగేదాకా చూస్తూ కూర్చుంటే ఎర ఖాళీ.

చేప తగిలాక రాడ్ పైకెత్తి ఉంచండి, పరిగెత్తనివ్వండి, ఆగినప్పుడు చుట్టండి. పక్కకు తిరిగి పడుకున్నాకే చేతివల కిందికి పెట్టండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఎర మాయం, చేప లేదు. పరిగెల గుంపు కొరుకుతోంది. ముద్ద గట్టిగా కలపండి, లేదా అడుగుకు దింపండి. ఊరి చెరువుల్లో అయితే తిలాపియా అయ్యుండొచ్చు. ఎర్రలు మాని పిండికి మారండి.

చేప ఎగురుతోంది, కొరకడం లేదు. తెల్లవారుజామున నోరు తెరిచి పైపైనే తిరుగుతుంటే అది ఆట కాదు, గాలి ఆడక. చుట్టూ మబ్బు పట్టిన రోజుల తర్వాత ఎక్కువ. ఎండ వచ్చేదాకా ఆగండి. చచ్చి తేలిన చేపను ఇంటికి తేవొద్దు.

మొదటి అరగంట పడి, తర్వాత ఆగిపోయింది. మేత ఒకేసారి గుమ్మరించారు. ఇకపై ప్రతి అరగంటకు ఒక చిన్న ఉండ.

తంగుసు పదే పదే తెగుతోంది. చివరి రెండు మీటర్లు వేళ్ళ మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే అంతవరకు కోసేసి మళ్ళీ కట్టండి. మొదళ్ళున్న చోట ఇది ప్రతి పెద్ద చేప తర్వాత చేయాలి.

పక్కవాడికి పడుతోంది, నాకు పడటం లేదు. అతని ఎర అడక్కండి, ఎవరూ నిజం చెప్పరు. అతని బెండు నుంచి గాలం ఎంత పొడవుందో చూడండి.

## 10. తుఫాను, నీళ్ళు, ముళ్ళు

అక్టోబరు మన తీరానికి తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకి లోపలికి వెళ్ళింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను ముంచెత్తింది. అల్పపీడనం వార్త వినగానే గెడ్డ ఒడ్డున, జలాశయం గేట్ల దిగువన కూర్చోవడం మానండి. తుఫాను పోయాక కూడా వారం దాకా నీళ్ళు కుదుటపడవు. ఆ వారం గాలాలు నూరుకోండి.

- మట్టం తగ్గిన చోట పైకి ఎండినట్టు కనిపించే బురద లోపల ఊబిలా ఉంటుంది. కర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి.
- మొసళ్ళున్న నీళ్ళలో కాలు పెట్టొద్దు, చేప పేగులు అంచున పారేయొద్దు.
- ఇంగిలాయి (సింగి), జెల్ల పక్క ముళ్ళు గుచ్చుకుంటే విపరీతమైన నొప్పి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంటకు పైగా ఆ భాగాన్ని ఉంచండి. ముల్లు విరిగి లోపల ఉంటే, వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్ళండి.
- ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి దూరంగా జరగండి. కార్బన్ రాడ్ కరెంటును బాగా లాగుతుంది.
- ఘాట్ రోడ్డులో పొగమంచు విడిచాకే తిరుగు ప్రయాణం.

## 11. పడిన చేప వంటింటికి చేరేదాకా

చిన్నవి వెంటనే, తడి చేతులతో వదిలేయండి. ఉంచుకునేవాటిని తల మీద కొట్టి వెంటనే చంపండి, మొప్పలు, పేగులు తీసి మంచి నీళ్ళతో కడగండి. పాలిథిన్ సంచిలో ఎండలో ఉంచితే రెండు గంటల్లో మెత్తబడుతుంది. తీరం వైపు కిలో చేపకు కిలో ఐసు లెక్క. కోరాపుట్ చలిలో సగం సరిపోతుంది. ఐసు దొరక్కపోతే తడి గోనెసంచిలో చుట్టి నీడలో, గాలి తగిలేట్టు.

ఇక ఇంట్లో వండుతారా అన్నది ఈ కాలంలో వేరే ప్రశ్న. ఒడియా ఇళ్ళలో కార్తీకం కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పౌర్ణమి) మర్నాడే మొదలై కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. మనకు దీపావళి అమావాస్య తర్వాత మొదలై మరుసటి అమావాస్య దాకా. రెండు వైపులా చుట్టరికాలున్న ఇంట్లో నీసు మానేది నెలన్నర అవుతుంది. ఒడియా కార్తీకం చివరి ఐదు రోజులు, అంటే పంచుకలో, కొంగ కూడా చేప ముట్టదని వాళ్ళ మాట. ఆ ఐదు రోజులు సంఘం వాళ్ళ రేవుల్లో గాలం పట్టుకుని తిరిగితే మొహం మీద అనకపోయినా బాగా అనుకోరు. రాడ్ ఇంట్లోనే పెట్టండి.

పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. నెల రోజులు ఆగిన ఊరంతా ఆ పొద్దున చేప, మాంసం కోసం బజారుకు పోతుంది, ధర అమాంతం పైకెళ్తుంది. సంఘం వలలు కూడా ముందు రాత్రే పడతాయి కాబట్టి ఆ రోజు జలాశయం అలజడిగా ఉంటుంది. గాలం వేయాలనుకుంటే వలలు పడని చిన్న చెరువు చూసుకోండి, సంఘం మనిషిని మాత్రం రెండు రోజుల ముందే అడిగి పెట్టుకోండి.